తుండు కింద బేరం

"తమ్ముడు సరే అంటేనే పిల్ల హాస్టల్‌కి పోతుంది. లేదంటే నాతో మా ఊరు వత్రాప్ వస్తుంది," అన్నాడు అప్పుడే ఊరినుంచి దిగిన మురుగేశన్, ఆస్పత్రి గది తలుపుకు అడ్డంగా కుర్చీ లాక్కుని.

తమ్ముడు కుమారవేల్ మంచం మీద కళ్లు తెరుచుకునే ఉన్నాడు. పక్షవాతం వచ్చి మూడు రోజులు. నోట మాట లేదు. మెడదాకా దుప్పటి.

అతని భార్య వల్లియమ్మాళ్ చేతిలో హాకీ హాస్టల్ దరఖాస్తు ఉంది. ఐదింటిలోగా ఇదే ఊళ్లో, కోవిల్‌పట్టి మైదానంలో ఇవ్వాలి. నాలుగున్నర అయింది.

"ఈ ఊళ్లోనే ఉంచాలంటే వేరే దారులేం తక్కువ? కాలేజీ ఉండాది, నర్సు చదువు ఉండాది, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆఫీసు పని ఉండాది. ఆడపిల్లకు కర్రా బంతీ ఎందుకు?"

"ఆ కర్రా బంతీ కూడా ఈ ఊరివే, పెదనాన్నా. ఇక్కడ వీధికో హాకీ జట్టుంది," అంది సంగవి. పద్నాలుగేళ్ల పిల్ల, ఆటబట్టల్లోనే గోడకు ఆనుకుని ఉంది.

విరుదునగర్ నుంచి ఇప్పుడే చూడవచ్చిన రామకృష్ణన్ లేచాడు. ముప్పై ఏళ్లుగా కుమారవేల్‌తో కలిసి మిరపకాయల దళారీ పని చేస్తున్నాడు.

"నోటిమాట ఎందుకప్పా? మా బేరాల్లో నోరు విప్పిందెప్పుడు?"

భుజం మీది తుండు తీసి దుప్పటి మీద పరిచాడు. కిందినుంచి చేయి పోనిచ్చి, మండీలో పట్టినట్టే మిత్రుడి కుడిచేయి పట్టుకున్నాడు. వేళ్లు నొక్కితే ధర. చూపుడువేలు బిగించి పట్టుకుంటే బేరం కుదిరినట్టు. అది మురుగేశన్‌కూ తెలుసు.

"కుమారవేలూ, పిల్ల ఆడొచ్చునా?"

చేయి కదల్లేదు. మళ్లీ అడిగాడు. తడిసిన గోనెసంచి పట్టుకున్నట్టుంది.

రామకృష్ణన్ లెక్క వేసుకున్నాడు. తుండు కింద లేని ధరను పైకి చెప్పిన దళారీకి మర్నాడు సరుకు చూపించేవాడుండడు. ముప్పై ఏళ్లలో తను ఆ పని చేయలేదు. గోడ దగ్గర పిల్ల తన వంకే చూస్తోంది. ఇంత మంచిపేరు కూడబెట్టింది ఎప్పుడో ఒకప్పుడు ఖర్చు పెట్టడానికే కదా.

"పట్టేసినాడప్పా. వేలు విడిచేటట్టు లేడు."

మురుగేశన్ తుండు వంక చూశాడు, రామకృష్ణన్ మొహం వంక చూశాడు.

"నీ నోట అబద్ధం వచ్చిందని ఎవరూ చెప్పగా వినలేదు. సరి, పోనీ," అని కుర్చీ జరిపాడు. వల్లియమ్మాళ్ సంతకం పెట్టి కాగితం కూతురి చేతికిచ్చింది. "ఉండు పాపా, నడిచిపోతే ఐదు దాటిపోతుంది. ఆటోలో నేనే దింపుతా," అంటూ మురుగేశన్ పిల్ల వెనకే మెట్లు దిగాడు.

రామకృష్ణన్ తలెత్తలేకపోయాడు. ఆటో కదిలిన చప్పుడు వినిపించాక వల్లియమ్మాళ్ తుండు తీసి, మడిచి, అతని చేతికిచ్చింది.

"మంచిపని చేసినారు అన్నా," అంది. "పక్షవాతంతో పడిపోయింది ఆ కుడిచెయ్యే."