తవుడు తొట్టిలో పెంకుపురుగు

ఒక పెరట్లో తవుడు పోసిన తొట్టి ఉండేది. అందులో కోళ్ల మేతకని పురుగుల్ని పెంచేవాళ్లు. రోజూ పొద్దున్నే ఇంటామె గుప్పెడు పురుగులు తీసి కోళ్లకు వేసేది. ముదిరి రెక్కలొచ్చిన నల్ల పెంకుపురుగుల్ని మాత్రం గుడ్లు పెట్టడానికని తొట్టిలోనే ఉంచేది.

ఒకరోజు ఆమె మూత వెయ్యడం మరిచిపోయింది. బూడిదరంగు కోడిపెట్ట ఎగిరి తొట్టి అంచు మీద వాలింది. పురుగులన్నీ తవుడులోకి దూరాయి. ఒక పెంకుపురుగు మాత్రం కదల్లేదు.

"తప్పుకోవే! కాలితో ఒక్కసారి కెలికానంటే అన్నీ పైకొస్తాయి," అంది కోడి.

"తప్పుకోను. ఈ తవుడులో నా గుడ్లున్నాయి. ముందు నన్ను మింగు, తర్వాత కెలుకుదువు గాని."

కోడి పకపకా నవ్వింది. "గోరంత లేవు, ఎంత పొగరే నీకు! ఇంత ఒళ్లుండి నేనే నోరెత్తను. రోజూ నా గుడ్డు పట్టుకుపోతారు. గూట్లో ఒక్కటి వదిలేస్తారు, దాన్ని చూసుకుని మళ్లీ పెడతాను."

"మరి ఆ ముక్కు దేనికమ్మా నీకు? నాలాంటిదాన్ని పొడవడానికేనా?"

కోడి ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. కాసేపటికి కెలక్కుండానే కిందికి దూకి గూట్లోకి పోయింది. గుడ్డు పెట్టింది. పెట్టి, లేవలేదు.

ఇంటామె వచ్చి అలవాటుగా చెయ్యి పెట్టింది. "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. "ఏమొచ్చిందే నీకివాళ?"

కోడి ఈకలు ఉబ్బించి గుడ్డును ఇంకాస్త కిందికి జరుపుకుంది.

"ముందు నన్ను లేపు," అంది. "తర్వాత గుడ్డు తీసుకుందువు గాని."