గుంటల్లో గింజలు

ఏటి ఒడ్డున కొంగ మాస్టారు బడి నడుపుతుండేవారు. ఆ బడిలో ఉడుతపిల్ల చిగురికి అన్నీ వచ్చు, లెక్కలు తప్ప. మాస్టారు మెడ చాచి ప్రశ్న అడిగితే చాలు, అది కంగారుగా నోటికొచ్చిన అంకె చెప్పేసేది. పిల్లలంతా పకపకా నవ్వేవారు. ఒకరోజు అది తాబేలు అవ్వ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేనింక బడికి వెళ్లను అవ్వా. నాకు లెక్కలు రావు."

"పోనీలే తల్లీ, నాతో వామనగుంటలు ఆడతావా?" అంటూ అవ్వ తడి ఇసుకలో గుంటలు తవ్వి, వాటిలో చింతగింజలు పోసింది.

మొదట్లో చిగురి ఓడిపోతూనే ఉంది. ఉడుక్కుని, ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో చూసుకోవడం మొదలుపెట్టింది. "ఇక్కణ్ణించి పంచితే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందే?" అని అవ్వ అడిగేది. చిగురి వేళ్లు మడిచి చెప్పేది. తప్పు చెప్పినా అవ్వ నవ్వేది కాదు. "ఏదీ, పంచి చూద్దాం" అనేది. కొన్నాళ్లకు వేళ్లతో పని లేకపోయింది. ఒక సాయంత్రం అవ్వే ఓడిపోయి, "అమ్మ దొంగా!" అని మురిసిపోయింది.

మర్నాడు బడిలో మాస్టారు మెడ చాచారు. "చిగురీ, ఏడూ ఎనిమిదీ కలిపితే ఎంత?"

చిగురి గట్టిగా కళ్లు మూసుకుంది. గుంటలు కనిపించాయి. ఎనిమిది గింజల్లోంచి మూడు వెళ్లి పక్కనున్న ఏడింటిలో చేరాయి. అక్కడ పది, ఇక్కడ ఐదు.

"పదిహేను మాస్టారూ!"

ఎవరూ నవ్వలేదు. కొంగ మాస్టారు మెడ కిందికి వంచి, మెత్తగా అడిగారు. "ఇంకొకటి అడగనా తల్లీ?"

"రెండు అడగండి మాస్టారూ!" అంది చిగురి.