ఖాళీ వదిలిన గడి

"మళ్ళీ పేరు గడి ఖాళీగా వదిలేశారేంటమ్మా?" అంబులెన్సు కాల్స్ తీసుకునే ఆమె కుర్చీ వెనక నిలబడి అడిగాడు సూపర్‌వైజరు.

పొద్దుటి నుంచి ఒకటే వాన. తెర మీద పదకొండు కాల్స్ వరసలో ఉన్నాయి.

"తీరిగ్గా ఉంటే పేరూ అడుగుతాను, ధైర్యమూ చెబుతాను సార్. ఇలా మీద పడ్డప్పుడు మూడే అడుగుతాను. ఎక్కడ, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. నాలుగోది అడిగితే నా బుర్ర మొరాయిస్తుంది."

"రేపు పైవాళ్ళు నిలదీస్తే నేనేం చెప్పుకోను?" అంటూ ఆయన వంగి ఆ కాల్ వివరాలు చదివాడు. అడ్రసు దగ్గర ఆగిపోయాడు.

"మందుల షాపు పైన, రెండో అంతస్తు... మొన్న వానలో నేను మిమ్మల్ని దింపింది ఇక్కడే కదా!"

ఆమె ఒక వేలెత్తి ఆగమంది. చేతిలో ఉన్న కాల్ పూర్తిచేసి, బండి పంపి, అప్పుడు తిరిగింది.

"అవును సార్. అమ్మకి ఊపిరి అందడం లేదట. బండి బయల్దేరి ఆరు నిమిషాలైంది."

"ఫోన్ చేసిందెవరో కూడా గుర్తుపట్టలేదా?"

"నాన్న గొంతు గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? పట్టానని ఒప్పుకుంటే నా చెయ్యి ఆడదు."

సూపర్‌వైజరు ఆమె హెడ్‌సెట్ తీసి తాను పెట్టుకున్నాడు. ఆమె లేచింది.

"పాపం, ఆయనకి మీరని తెలియలేదేమో."

"'చిట్టీ' అనబోయి ఆగారు సార్. ఆ తర్వాత 'రాసుకోండి మేడమ్' అంటూ, మా ఇంటి అడ్రసు నాకే అక్షరం పొల్లుపోకుండా చెప్పారు."