గడప తొక్కిన ఉల్లి

"మాస్టారూ! మీ ఉల్లి మా గడప దాకా వచ్చేసింది. ఇటు రండి, ఇవాళ అటో ఇటో తేలిపోవాలి!"

పక్కింటి దర్జీ కేక అది. పొయ్యి దగ్గర నిలబడే గిన్నెలో తింటున్న మాస్టారు, గిన్నె పక్కన పెట్టి చిన్న పార అందుకున్నారు. మడి మొత్తం పీకెయ్యమంటాడేమో. భార్య చేత్తో నాటినవాటిలో బతికున్నది అదొక్కటే.

పెరట్లో అంత చోటుండగా, మంచం పట్టేముందు ఆవిడ పట్టుబట్టి దాన్ని కంచె వారనే నాటింది. ఆ ఉల్లికి గడ్డలు కాడ కొసన కాస్తాయి. బరువుకు కాడ వాలి, గడ్డలు నేల తాకినచోటే వేళ్ళూనుకుంటాయి. మరుసటేడు అక్కణ్ణుంచి ఇంకో అడుగు. "నడిచే ఉల్లి" అనేది ఆవిడ. మాస్టారు దుబ్బు జోలికి పోరు. రోజూ నాలుగాకులు కోసి గుడ్డులో వేసుకుంటారు, అంతే.

నిజంగానే ఒక గుత్తి దర్జీ గడప మీద తల వాల్చి ఉంది.

"తప్పు నాదే. ఇదివరకు కంచె దాటినవి ఏటా నేనే వచ్చి పీకేసేవాణ్ణి. రెండేళ్ళుగా మోకాళ్ళు వంగడం లేదు." మాస్టారు గుత్తి వైపు పార చాచారు. "ఇటు వచ్చినవన్నీ తీసేస్తాను. మడి మాత్రం ఉండనీ బాబూ."

"పార అవతల పెట్టండి."

"ఒక్క నిమిషం, పీకేసి..."

"దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!" దర్జీ పార లాక్కున్నాడు. "మీ మోకాళ్ళు పుణ్యం కట్టుకున్నాయి. లేకపోతే ఈ జన్మలో ఇది ఇక్కడికి చేరేది కాదు. లోపలికి రండి."

"ఎందుకు? ఇప్పుడే తిన్నాను."

"అక్కయ్యగారు పోయినప్పట్నుంచీ, ఆరేళ్ళుగా అదే మాట!"

లోపల కుట్టుమిషను గోడవారకు జరిపి ఉంది. దాని స్థానంలో రెండు పీటలు, వాటి ముందు రెండు కంచాలు.

మాస్టారు గడప దగ్గరే ఆగిపోయారు. దర్జీ గొంతు తగ్గించాడు.

"అక్కయ్యగారికి మాటిచ్చాను మాస్టారూ. ఆ ఉల్లి నాటిన రోజే అన్నారు, 'తమ్ముడూ, ఊరికే పిలిస్తే మీ మాస్టారు రారు. ఇది మీ గడప తొక్కిన రోజున తగువు పెట్టి పిలు. వచ్చాక మాత్రం భోజనం పెట్టకుండా పంపకు.'"