చెయ్యెత్తని ఇల్లు

"అమ్మా, చెయ్యి దించు!" కావ్య అరిచింది.

దండెం మీది బట్టలు తీయబోయిన స్వర్ణలత చెయ్యి అలాగే ఆగిపోయింది. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న కుక్క ఆ చేతిని చూడగానే పొట్ట నేలకు ఆనించి పడుకుంది. కదలదు, మెదలదు. కళ్ళు మాత్రం చేతి మీదే. తోక నేలను రాస్తోంది.

"సూడుండ్రి, ఎట్ల వణుకుతుందో," అంది స్వర్ణలత భర్తతో. "పాపం, ఎవడు కొట్టి కొట్టి గిట్ల జేసిండో."

కనకరాజుకు మల్లాపూర్‌లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పని. నాచారంలో రెండు గదుల అద్దె ఇల్లు. కూతురి పోరు పడలేక ఉప్పల్ అవతల ఉన్న కుక్కల షెల్టర్‌కు వెళ్ళారు. తెద్దామనుకున్నది కుక్కపిల్లను. కానీ పెద్దవాటిని ఎవరూ అడగరని షెల్టర్ నడిపే అరుణకుమారి అన్న మాటకు కావ్య కరిగిపోయి, మూలన ఒంటరిగా కూర్చున్న ఈ గోధుమ రంగు కుక్క దగ్గరే ఆగిపోయింది.

కనకరాజు అరుణకుమారికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"మా దగ్గరికొచ్చే చాలావాటికి ఇలాంటి భయాలుంటాయండీ," అందామె. "ఇది రింగు రోడ్డు దగ్గర తిరుగుతుంటే పట్టుకొచ్చాం. అంతకుముందు ఎవరి దగ్గరుందో, ఎన్ని దెబ్బలు తిందో మాకూ తెలీదు. దాని ముందు చెయ్యెత్తకండి. నోటితోనే నెమ్మదిగా పిలుస్తూ ఉండండి. అదే అలవాటవుతుంది."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదే కట్టుబాటు. స్వర్ణలత కుక్కను లోపల ఉంచి బట్టలు ఆరేసేది. కావ్య గదిలోకి వెళ్ళి జడ వేసుకునేది. వచ్చిన చుట్టాలకు గుమ్మంలోనే చెప్పేవారు.

పిలిస్తే పలక్కపోవడం ఇంకో బాధ. రాజా అన్నారు, టైగర్ అన్నారు, మోతీ అన్నారు. తెలుగులో చెప్పారు, హిందీలో బతిమాలారు. పేరు సరే, 'రా' అన్నా 'కూర్చో' అన్నా దానికి పట్టేది కాదు. చివరికి మోతీ ఖాయం చేశారు. అప్పుడే ఏదో సమ్మె వచ్చి కొన్నాళ్ళు బడులు మూతపడ్డాయి. కావ్య రోజంతా దాని వెనక తిరుగుతూ పిలుస్తూనే ఉండేది.

"చెవిటి కుక్కను అంటగట్టారయ్యా నీకు," అన్నాడు ఇంటి ఓనరు విశ్వనాథం.

"లేదు సార్. గిన్నె చప్పుడైతే ఉరికొస్తది. డాక్టరుకు గూడ సూపెట్టిన. చెవులు మంచిగనే ఉన్నయన్నడు."

"మరి మాట వినని కుక్క నీకెందుకు? వెనక్కి ఇచ్చెయ్."

"మా కావ్య ఏమన్న మాట ఇంటదా సార్? దాన్ని గూడ వాపస్ ఇస్తనా?"

విశ్వనాథం నవ్వేశాడు.

మోతీ మొరిగేది కాదు. ఇల్లు పాడుచేసేది కాదు. ఒక్కటే వింత అలవాటు. ఎవరైనా ఊరికే కూర్చుంటే వచ్చి, వాళ్ళ చేతి కింద మూతి పెట్టి పైకి నెట్టేది. నెట్టి, ఎదురుగా కూర్చుని చూసేది. వాళ్ళు గబుక్కున చెయ్యి దించుకుని, "నిన్ను ఎవ్వరు కొట్టరు మోతీ" అనేవారు. అది మళ్ళీ నెట్టేది. కాసేపటికి వెళ్ళి కావ్య కాళ్ళ దగ్గర పడుకునేది.

ఒక ఆదివారం పొద్దున కనకరాజు, కావ్య దాన్ని బయటికి తీసుకెళ్ళారు. మెయిన్ రోడ్డు మలుపులో మెడపట్టీ కొక్కెం ఊడిపోయింది. అవతల మటన్ కొట్టు ముందు కుక్కలు గుమిగూడి ఉన్నాయి. మోతీ అటు నడిచింది.

మల్లాపూర్ వైపు నుంచి లారీ వస్తోంది.

కనకరాజు చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. బెదిరి లారీ కిందికే ఉరుకుతుందేమోనని తటాలున దించేసుకున్నాడు.

"మోతీ! ఆగు! మోతీ!" గొంతు చించుకుని అరిచాడు.

కుక్క తల తిప్పి అతని వైపు చూసింది. చూసి, ముందుకే నడిచింది.

లారీ ఆగేసరికి అంతా అయిపోయింది. కనకరాజు దాన్ని చేతులమీద ఇంటికి మోసుకొచ్చాడు. కావ్య ఏడుస్తూ వెనకే వచ్చింది. విశ్వనాథం గడ్డపార తెచ్చి పెరట్లో తానే గుంట తవ్వడం మొదలుపెట్టాడు.

కావ్య ఆ పూట అన్నం ముట్టలేదు. "మనం మంచిగనే సూసుకున్నం గద డాడీ? మరి నీ మాట ఎందుకు ఇనలే?"

కనకరాజు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.

కొన్నాళ్ళకు అరుణకుమారి ఒక ముసలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పేరు మల్లవ్వ, కాప్రాలో కూతురి దగ్గర ఉంటోంది. కొడుకు పెంచిన కుక్కను వెతుక్కుంటూ షెల్టర్‌కు వచ్చి, అక్కడి ఫోటోలో మోతీని గుర్తుపట్టిందట. చనిపోయిందని చెప్పినా, పాతిపెట్టిన చోటైనా చూస్తానందట.

మల్లవ్వ ఆ మట్టి పక్కన చతికిలబడింది.

"నా కొడుకు జ్వరమొచ్చి దవాఖానాల పడ్డడు. మళ్ళ ఇంటికి రాలే," అంది. "ఒక్కడే రూముల ఉండెటోడు. ఇదే వానికి తోడు. వాన్ని ఎతుక్కుంట గొలుసు తెంపుకొని పోయింది."

కనకరాజు ఆమె పక్కన కూర్చున్నాడు. "అవ్వా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నీ కొడుకు దీన్ని బాగ కొట్టెటోడా?"

"కొట్టుడా?" ముసలమ్మ తెల్లబోయింది. "ఒక్క దెబ్బ గూడ ఎయ్యలే. ఇద్దరు ఒక్క కంచంల తిన్నరు."

తలుపు చాటున నిలబడ్డ కావ్య ముందుకొచ్చింది. "మరి ఏమని పిలిచెటోడు అవ్వా? మేమెన్ని పేర్లు పెట్టి పిలిచినా పలుకలే."

మల్లవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా కొడుకు పుట్టు మూగోడు బిడ్డా. ఏం జెప్పినా చెయ్యెత్తే జెప్పెటోడు."