చలికాలం కాపలా

"పదింటికి బస్సు. ఇంకా ఆ పరుపులెందుకే ఎండేస్తున్నావు?" అంది తోవా పిన్ని.

న్యాన్ నవ్వింది. అలవాటు. కాస్త ఎండ కనబడితే చాలు, పిన్ని నడిపే ఆ హోటల్లో పరుపులు బయటికి లాగాలి. లేకపోతే బూజు పట్టేస్తాయి. మొత్తం ఇరవై రెండు గదులు. కిటికీలు తెరవాలి, ఫ్యాన్లకు నూనె రాయాలి, తలుపుల కింద నుంచి దూరిన ఇసుక ఊడ్చాలి.

సముద్రపు ఒడ్డు ఊరు కువా లిన్‌లో జనం ఉండేది నాలుగు నెలలే. ఏప్రిల్ చివర హనోయ్ బస్సులు దిగుతాయి. ఆగస్టు దాటితే ఒడ్డున కుక్క కూడా కనబడదు. ఇక తుపాన్లు, చలిగాలి, ఆగని తుంపర. వంటవాళ్ళు, పనివాళ్ళు అందరూ వెళ్ళిపోతారు. పిన్ని హోటల్‌కి కాపలా ఉండటానికి వచ్చినవాళ్ళెవరూ రెండో చలికాలం చూడలేదు. న్యాన్ ఒక్కతే నాలుగు చూసింది.

ఆమెను నిలబెట్టింది ఖోయ్.

ఓడలో మెకానిక్. మొదటి వేసవిలో మూడు రోజులు ఆరో గదిలో దిగాడు. సముద్రం ఒడ్డున ఉంటూ ఈత రాదా అని వెక్కిరించాడు. నీళ్ళ మీద వెల్లకిలా తేలడం నేర్పాడు. నాలుగో రోజు చెప్పకుండా వెళ్ళిపోయాడు. న్యాన్ రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదు. సెప్టెంబరులో తనూ ఊరు వదిలి పోదామనుకుంటుండగా కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఖోయ్! ఓడ మీద ఉన్నాడట. అక్కడ మాట్లాడటానికి సిగ్నల్ చాలదట. వేసవికి వస్తాడట, ఆమె అక్కడే ఉండాలట.

ఆ వేసవికి ఓడ మరమ్మతు అన్నాడు. తర్వాతి వేసవికి తల్లికి ఆపరేషన్. మూడోసారి ఏ కారణమూ చెప్పలేదు, క్షమించమన్నాడు. న్యాన్ మాత్రం వచ్చిన ప్రతి బస్సు దగ్గరా మెట్లవైపే చూస్తూ నిలబడింది.

"ఆ ఓడవాడికి రేవుకొకతి ఉంటుందే," అనేది పిన్ని. "నీ వయసంతా ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతోంది. ఆ థువాన్‌ని చేసుకుని పోవే. బంగారంలాంటివాడు."

థువాన్ తాపీపని చేస్తాడు. తుపానుకి లేచిపోయిన పెంకులు వేయడానికి వచ్చి, రెండు రోజుల పని పది రోజులు చేశాడు. ఈ కొత్త సంవత్సరం పండక్కి అడిగేశాడు.

"దక్షిణాన చెప్పుల ఫ్యాక్టరీలో ఇద్దరికీ పని చూశాను. గదికి కిటికీ కూడా ఉంది. వస్తావా? ఇంకోసారి అడగను న్యాన్. నాకూ ముప్ఫై నాలుగొచ్చాయి."

"వస్తా."

అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఒళ్ళు తేలికైంది. ఆ వారమంతా పాడుకుంటూ ఇసుక ఊడ్చింది. ఖోయ్‌కి ఒకే ఒక్క మెసేజ్ పెట్టింది. "పెళ్ళి చేసుకుంటున్నా. మంగళవారం వెళ్ళిపోతున్నా." జవాబు రాలేదు.

ఇవాళ మంగళవారం. బస్సు హోటల్ ముందు ఆగి హారన్ కొట్టింది. పిన్ని తన ఉన్ని మఫ్లర్ తీసి న్యాన్ మెడకు చుట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"ఉండు, పండక్కి చేసిన అన్నం ముద్దలు ఆకులో కట్టి ఉంచాను. దారిలో తిందురుగాని," అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

థువాన్ ఆమె సంచీ అందుకున్నాడు. న్యాన్ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టింది. జేబులో ఫోను టింగుమంది. ఖోయ్ మెసేజ్.

"ఉద్యోగం మానేశాను. మే ఒకటిన వస్తున్నా. ఆరో గది తలుపు నువ్వే తియ్యాలి. నువ్వు లేకపోతే సముద్రంలోకి నడుచుకుంటూ పోతాను. తేలడం నాకు తెలుసు. తేలను."

మూడుసార్లు చదివింది. కాలు కిందికి దించింది.

"న్యాన్," అన్నాడు థువాన్.

"నన్ను క్షమించు."

"చచ్చేదాకా ఊడ్చుకో ఆ ఇసుక," అన్నాడు. సంచీని మాత్రం విసరలేదు, మెల్లగా కింద పెట్టాడు. అతను ఎక్కగానే బస్సు తలుపు మూసుకుంది.

పొట్లంతో బయటికి వచ్చిన పిన్ని నెత్తి బాదుకుంది. "ఓసి పిచ్చి మొద్దూ! పరిగెత్తవే! మలుపు దగ్గర ఆగుతుంది, పరిగెత్తు! అలాంటివాడు మళ్ళీ దొరుకుతాడటే నీకు?"

"వస్తున్నాడు పిన్నీ. ఈసారి నిజంగా వస్తున్నాడు." న్యాన్ ఏడుస్తోంది, నవ్వుతోంది. సంచీ మీదే కూలబడి ఫోనులో రాసింది. "వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నా."

"నీ ఖర్మ," అంది పిన్ని. "లేచి లోపలికి రా, గాలి కోసేస్తోంది. టీ పెడతాను."

పొయ్యి మీద నీళ్ళు పెట్టి, వంటింటి తలుపు చేరవేసి, తోవా పిన్ని బియ్యం డబ్బాలోంచి రెండో ఫోను తీసి, "వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నా" అని అప్పుడే వచ్చిన మెసేజ్ చదువుకుని, "నన్ను బతికించావు" అని జవాబు కొట్టింది.