అరుపు పరీక్ష

"ఆపేస్తున్నా. ఎవరైనా అరిస్తే మళ్లీ నడిపిస్తా. మధ్యాహ్నం దాకా ఎవరూ అరవలేదో, మీ టామరాక్‌కి ఇవాళే మంగళం పాడేద్దాం," అన్నాడు ట్రెవర్, కీబోర్డు మీద వేలుంచి.

"ఆపు నాయనా, ఆపు. చెవులు చిల్లులు పడేలా అరుస్తారు," అంది లోర్నా కాఫీ తాగుతూనే.

థండర్ బే రేవు నుంచి దీవులకు పడవలు నడిపే ఆ కంపెనీలో కంప్యూటర్ విభాగానికి ట్రెవర్ అధికారి. లోర్నా అతనికంటే వయసులో చాలా పెద్దది. వెబ్‌సైట్లు కట్టడానికి ఒకప్పుడు అందరూ ఎగబడి వాడిన ఫ్రేమ్‌వర్క్ టామరాక్. ఇప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో లోర్నా ఒకతె. ట్రెవర్ కొత్త సైటు కట్టించాడు. టామరాక్ నడిచే పాత సర్వర్ ఇక ఎవరికీ అక్కర్లేదంటాడు. అదే నిజమైతే లోర్నా ఉద్యోగం కూడా ఎవరికీ అక్కర్లేదు.

పాతది ఉంచాలా పీకేయాలా అన్నది తేలనప్పుడు ఈ వృత్తిలోవాళ్లు చేసే పని ఒకటుంది. ఎవరికీ చెప్పకుండా ఆపేసి, ఎవరు గోల పెడతారో చూస్తారు. దాన్నే అరుపు పరీక్ష అంటారు.

ట్రెవర్ నొక్కాడు. ఇద్దరూ గోడ మీది తెరకేసి చూస్తూ కూర్చున్నారు. ప్రయాణికుల ఫిర్యాదులన్నీ వచ్చి పడేది అందులోనే. మామూలు రోజున సీటు తడిగా ఉందనో, టీ చల్లారిందనో ఎవరో ఒకరు సణుగుతూనే ఉంటారు. ఇవాళ ఒక్కటంటే ఒక్కటి లేదు.

"విన్నారా లోర్నా, ఎంత గట్టిగా అరుస్తున్నారో!"

"ఫోన్ చేసి అరుద్దామంటే ఫోన్లు నువ్వే పీకించావు. ఏదున్నా ఫిర్యాదుల పేజీలోనే రాయాలన్నావు."

"అందుకేగా ఆఫీసు ఇంత ప్రశాంతంగా ఉంది!"

మధ్యాహ్నమైంది. తెర ఖాళీగానే ఉంది. ట్రెవర్ బేకరీ నుంచి తెప్పించిన డబ్బా తెరిచాడు. గులాబీరంగు క్రీము పూసిన తీపి బన్నులు, ఆ ఊళ్లో పర్షియన్లంటారు, ఘుమఘుమలాడాయి.

"తీసుకోండి. టామరాక్ పెద్దకర్మ భోజనం."

"ప్రాణం పోకముందే పెద్దకర్మా? కాసేపు ఆగు, అరుస్తారు," అంది లోర్నా. కానీ ఆమె చెయ్యి డబ్బా దాకా రాలేదు.

అది చూసి ట్రెవర్‌కు నిజంగానే జాలేసింది. అయినా జాలి జాలే, పని పనే. పాత సర్వర్‌ను శాశ్వతంగా తీసేయమని పైవాళ్లకు రాయడానికి కూర్చుని, ఒక పర్షియన్ నోట్లో పెట్టుకున్నాడు.

తలుపు దడాలున తెరుచుకుంది. పడవ నడిపే కెప్టెన్ రోయిస్, వానకు తడిసి ముద్దయిన కోటుతో లోపలికొచ్చాడు.

"ఇక్కడ మిఠాయిలు పంచుకుంటున్నారా? కింద జనం నా పీక మీద కూర్చున్నారు! తిరుగు టికెట్లు ఒక్కరికీ కనబడటం లేదు. రాసి పంపుదామని పొద్దున్నుంచి తంటాలు పడుతున్నా, మీ ఫిర్యాదుల పేజీ తెరుచుకుని చస్తేగా! ఆ దిక్కుమాలిన పేజీ కట్టిన మహానుభావుడెవడు?"

ట్రెవర్ నమలడం ఆపేశాడు. లోర్నాకు అప్పుడు గుర్తొచ్చింది. హాయిగా ఒక పర్షియన్ అందుకుంది.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో గంతులేస్తూ వచ్చి ఆ పేజీని నాకే చూపించావు కదా ట్రెవర్, 'ఈ టామరాక్ భలే ఉంది లోర్నా, ఒక్క పూటలో కట్టేశా' అని!"